పాట ప్రేరణ, చేతి పూనిక

ఒక పాట విని ఆనందించడానికీ, ఆ పాట విన్న కారణంగానే ఒక వాద్యాన్ని చేతిలోకి తీసుకొని నెలల తరబడి సాధన చేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని సంగీత చర్చలు సాధారణంగా పట్టించుకోవు. లక్షలమంది వినే పాట లక్షలమందినీ వాద్యకారులుగా మార్చదు. విన్నవారిలో ఏ కొందరికో మాత్రం అది ఇష్టంగా మిగిలిపోక, చేయవలసిన పనిగా మనసులో నిలుస్తుంది. ఈ నిలవడం ఎక్కడినుంచి వస్తుంది, పాటలోనుంచా, విన్నవాడి కోరికలోనుంచా, లేక ఆ రెంటికీ వెలుపల ఉన్న మరేదైనా అవసరంలోనుంచా అన్నది సంగీతానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మనిషిని పనికి పురికొల్పేది ఏమిటన్న విషయంమీద భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించుకున్నాయి. ఆ వాదాన్ని అరకు లోయలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న తూర్పు కనుమల మన్యంలోనూ వినిపించే వాద్యాల దగ్గరకు తీసుకువస్తే, గ్రంథాల్లో పొడిగా కనిపించే పక్షాలు రెండూ ప్రాణం పోసుకుంటాయి.

వేదవాక్యాలు మనిషిచేత యజ్ఞాన్ని ఎలా చేయిస్తాయన్నది మీమాంసకుల మూల ప్రశ్న. ఆజ్ఞాపించే ప్రభువు లేడు, వేదానికి కర్త లేడని వారి సిద్ధాంతం, అయినా విన్నవాడు లేచి పనికి పూనుకుంటున్నాడు. కాబట్టి పురికొల్పే శక్తి శబ్దంలోనే ఉన్నదని కుమారిలభట్టు నిర్ణయించాడు, ఆయన సంప్రదాయంలో దానికి శాబ్దీభావన అని పేరు. అంతటితో తృప్తి పడని మండనమిశ్రుడు తన విధివివేకం అనే గ్రంథంలో మరొక మెట్టు దిగి, తాను కోరుకొన్నదానికి ఈ పని సాధనమవుతుందని తెలియడమే, అంటే ఇష్టసాధనతా జ్ఞానమే, మనిషిని కదిలిస్తుందని వాదించాడు. ప్రభాకరుడి మతం దీనికి విరుద్ధం. ఫలం మీది కోరిక ఎంత బలమైనదైనా, ఇది నేను చేయవలసినది అన్న ఎరుక, అంటే కార్యతా జ్ఞానం, కలిగేదాకా ఎవరూ కదలరని, ఆ ఎరుకను కోరికకు అనువదించి చెప్పడం దాన్ని చిన్నబుచ్చడమేనని ఆయన పక్షం. ఒకరు కోరికను, ఒకరు కర్తవ్యాన్ని మూలమంటున్నారు. వాద్యం నేర్చుకొనేవారి విషయంలో ఈ రెంటిలో ఏది నిజమన్నదే ఇక్కడి విచారణ.

మొదట కోరిక పక్షానికి న్యాయం చేయవలసి ఉంది, ఎందుకంటే గిటారు చరిత్ర దాదాపుగా దాని వైపే సాక్ష్యం చెబుతుంది. 1973లో వచ్చిన ‘యాదోఁ కీ బారాత్’ చిత్రంలో ఆర్.డి. బర్మన్ కూర్చిన ‘చురా లియా హై తుమ్ నే’ పాట గాజు గ్లాసు మోగిన చప్పుడుతో మొదలై, వెంటనే భూపిందర్ సింగ్ వాయించిన గిటారులోకి జారుతుంది. తెరమీద జీనత్ అమన్ చేతిలో ఆ వాద్యం కనిపిస్తుంది కూడా. 1982 నాటి తమిళ చిత్రం కోసం ఇళయరాజా కూర్చిన ‘ఇళయ నిలా’లో ఒక్కొక్క తీగనూ విడిగా మీటుతూ సాగే గిటారు, ఆ మరుసటి ఏడు ‘నీలే నీలే అంబర్ పర్’గా హిందీలోకి వెళ్లి, దేశంలో గిటారు పట్టినవారిలో చాలామందికి తొలి పాఠమైంది. తెలుగులో 2007 నాటి ‘హ్యాపీ డేస్’ చిత్రానికి మిక్కీ జె. మేయర్ ఇచ్చిన పాటలు కళాశాల హాస్టళ్లలో అటువంటి పనే చేశాయి. ఇవన్నీ మంచి పాటలే, కాని వీటికన్నా గొప్ప సంగీతం ఎంతో ఉండగా, చేతిని పిలిచినవి ఇవే ఎందుకయ్యాయన్నదానికి సమాధానం న్యాయదర్శనానికి చెందిన నైయాయికుల దగ్గర దొరుకుతుంది.

పని మొదలుకావాలంటే మూడు ఎరుకలు కలవాలని న్యాయశాస్త్రం చెబుతుంది. అది తన ప్రయత్నంతో అయ్యే పని అన్నది మొదటిది, దానికి కృతిసాధ్యతా జ్ఞానమని పేరు. చంద్రమండలాన్ని దించి తెచ్చుకోవాలని ఎవరూ పూనుకోకపోవడానికి కారణం ఇష్టం లేకపోవడం కాదు, అది తమవల్ల కాదని తెలియడమేనని ఆ శాస్త్రం ఇచ్చే ఉదాహరణ. తాను కోరినది దానివల్ల దక్కుతుందన్నది రెండవది. దక్కేదాన్ని మించిన కీడు దాని వెంట రాదన్నది మూడవది. తేనె కలిపి తియ్యగా చేసిన విషాన్నాన్ని ఆకలిగొన్నవాడు కూడా ముట్టడన్నది దానికి ఉదాహరణ. గిటారు పట్టించే పాటలో పనిచేసేది ప్రధానంగా మొదటి ఎరుక. రెండు మూడు కార్డులతో, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల కూర్పులతో, మొదటినుంచి చివరిదాకా నడిచే పాటలో విన్నవాడికి స్వరంతోపాటు ఆ స్వరాన్ని పుట్టిస్తున్న చెయ్యి కూడా వినిపిస్తుంది, ఆ చెయ్యి తనది కావడం అసాధ్యం కాదనిపిస్తుంది. మహావిద్వాంసుల వాదనం దగ్గర శ్రోత చేతులు జోడిస్తాడే గాని చేతులు చాపడు. ఇక మూడవ ఎరుక ఎంత నిజమో నేర్చుకోవడం మొదలుపెట్టిన తొలి వారాల్లోనే తెలుస్తుంది: ఉక్కు తీగలు ఎడమచేతి వేళ్ల కొసల్లో గాట్లు పెడతాయి, ఆ చర్మం మొద్దుబారేదాకా ప్రతి స్వరమూ నొప్పితోనే పలుకుతుంది, చూపుడువేలిని ఆరు తీగలమీదా అడ్డంగా అదిమి పట్టవలసిన కార్డు దగ్గర ఎందరో వాద్యాన్ని మూలన పెట్టేస్తారు.

ఇంగ్లండులో ఒక తరాన్ని మొత్తం గిటారు వైపు తిప్పిన పాట కథ ఈ సందర్భంలో ఆలోచించదగినది. లానీ డోనెగన్ 1954లో పాడి రికార్డు చేసిన ‘రాక్ ఐలండ్ లైన్’ 1956లో ఆ దేశమంతటా మోగి, చవక గిటార్లు, బట్టలుతికే రేకు పలకలు, టీ పెట్టెలతో వాయించుకొనే స్కిఫిల్ అనే బాణీని వీధివీధికీ చేర్చింది; ఆ ఊపులోనే లివర్‌పూల్‌లో జాన్ లెనన్ తన తొలి బృందాన్ని కూడగట్టాడు. అయితే ఆ పాటను జానపద గీతాల సేకర్త జాన్ లోమాక్స్ 1934లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రపు జైలులో నల్లజాతి ఖైదీల నోటినుంచి సేకరించాడు. చెర అనుభవిస్తూ పాడుకొన్నవారి పాట, ఆ బరువు ఏమాత్రం తెలియని పిల్లలకు మరొక ఖండంలో సరదాగా, స్వేచ్ఛగా వినిపించింది. కోరిక పక్షంలోని బలమూ లోపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి: కోరిక పాటను దాని సందర్భంనుంచి తేలికగా విడదీయగలదు, విడదీసిన తరువాత ఆ సందర్భానికి తానేమైనా బాకీపడ్డానా అని అడగదు.

అరకు కొండల్లో వాద్యం ఈ విధంగా విడివడి ఉండదు. బగత, కొండదొర, వాల్మీకి, కొటియ, గదబ, పోర్జ, కోదు మొదలైన తెగలు నివసించే ఈ ప్రాంతంలో, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పరిచయ చిహ్నంగా మారిన ధింసా నృత్యానికి మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు తోడుగా మోగుతాయి. స్త్రీలు ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని, అందెలు ఒకే దెబ్బగా మోగేటట్లు అడుగు వేస్తూ, వరుసను పాములాగా మెలితిప్పుతారు. వరుస ఎప్పుడు ముడుచుకోవాలో, ఎప్పుడు విచ్చుకోవాలో వాద్యంనుంచే తెలుసుకుంటారు. ధింసాలో రకాలున్నాయి, వాటి పేర్లు సందర్భాలను చెబుతాయి: బోడ ధింసా గ్రామదేవత కొలువుకు, పోతర్ తోలా ఆకులు ఏరడానికి, బాయ ధింసా దేవత పూనిన గణాచారికి. చైత్రంలో ఇటుకల పండుగకూ, కొత్త పంట నోట పెట్టుకొనే కొత్తల పండుగలకూ, పెళ్లిళ్లకూ ధింసా ఉండి తీరాలి.

మోరి విషయం కాస్త దగ్గరగా చూడవలసినది. అది సన్నాయి జాతికి చెందిన ఊదుడు వాద్యం. ఆ జాతి వాద్యాల్లో స్వరం తెగకుండా సాగాలంటే బుగ్గల్లో నిలవబెట్టుకొన్న గాలిని వాద్యపు పీకలోకి నెడుతూనే ముక్కుతో కొత్త ఊపిరి అందుకోవాలి. ఆ సమయంలో వాయించేవాడి ముఖంలో బుగ్గలు మాత్రమే పనిచేస్తున్నట్లు కనిపిస్తుంది, రొమ్ము మాత్రం వేరే లయలో ఎగసి దిగుతుంది. విన్నంత మాత్రాన చెయ్యి తనదనిపించే వాద్యం కాదిది. నైయాయికులు చెప్పిన మొదటి ఎరుక ఇక్కడ చాలా బలహీనం, అయినా తరాల తరబడి కొత్తవారు దాన్ని పట్టుకుంటూనే వచ్చారు. కారణం ప్రభాకరుడి మాటల్లోనే చెప్పుకోవాలి: పండుగ వస్తుంది, వరుస నిలబడుతుంది, ఊదేవాడు లేకపోతే వరుస కదలదు, కనుక ఎవరో ఒకరు నేర్చుకొని తీరాలి. నెగడు దగ్గర డప్పు తోలును కాచి బిగువు చూసే పని పిల్లలకు అప్పగించిన నాటినుంచే ఆ కార్యం వారిమీదికి కొంతకొంతగా బదిలీ అవుతుంది. బాయ ధింసాలో ఇది మరింత స్పష్టం. దేవత పూనిందని ఊరంతా నమ్మే ఆ వేళ తుడుము వాయించేవాడు తన ఇష్టానికి వాయించి తన ఇష్టానికి ఆపేవాడు కాదు.

ఇదే కనుమల ఉత్తర భాగంలో, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాలనుంచి ఒడిశాలోని గజపతి జిల్లాదాకా ఉన్న సవరల్లో, కోరికకూ కర్తవ్యానికీ కూడా లొంగని మూడవ మార్గం ఒకటి ఉండేది. చనిపోయినవారిని తన నోట మాట్లాడించే మధ్యవర్తి ఆ విద్యను ఎంచుకోడని, అవతలి లోకపు ఆత్మ కలలో వచ్చి తనను పెండ్లాడి నేర్పుతుందని వారు నమ్మేవారు. మానవశాస్త్రవేత్తలు వెరియర్ ఎల్విన్ 1955లోనూ, పియర్స్ వితెబ్‌స్కీ 1993లోనూ ప్రచురించిన గ్రంథాల్లో దీని వివరం ఉంది. అక్కడ నేర్చుకోవడమంటే పిలుపును కాదనలేకపోవడం. ఈ మార్గాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే పాట తనను పట్టుకున్నదని, వద్దన్నా వదలలేదని చెప్పే ప్రతి గిటారు విద్యార్థీ తెలియకుండానే ఆ భాషలోనే మాట్లాడుతున్నాడు.

కొండల్లోనైనా మరెక్కడైనా వాద్యం విషయంలో కోరికకు చోటు లేదనడం మాత్రం పొరపాటు. ప్రాచీనులు కూడా వాద్యం పుట్టుకను వినికిడిలోనే చూశారు: నాట్యశాస్త్రం ప్రకారం, స్వాతి అనే ముని నీటికోసం సరస్సుకు వెళ్లి, చిన్నవీ పెద్దవీ అయిన తామరాకులమీద వానచినుకులు పడి వేర్వేరు స్థాయిల్లో మోగడం విని, ఆశ్రమానికి తిరిగివచ్చి విశ్వకర్మ తోడ్పాటుతో మృదంగాది చర్మవాద్యాలను రూపొందించాడు. వానకు ఆయనను పురికొల్పాలన్న ఉద్దేశం లేదు, ఆయన చేయవలసిన కార్యమూ అప్పటికి ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక చప్పుడూ, దాన్ని చేతికి తెచ్చుకోవాలన్న తపనా. ఈ కథ ముందు ప్రభాకరుడి పక్షం తడబడుతుందని ఒప్పుకోవాలి. కాని కథలోనే మరొక సంగతి కూడా ఉంది: ఆ వాద్యాలు పుట్టింది స్వాతి ఏకాంతంలో మోగించుకోవడానికి కాదు, నాట్యంలో వాటికి స్థానం నిర్దేశితమై ఉంది. కోరిక తలుపు తీసింది, లోపల నిలిపింది మాత్రం నాట్యం.

గిటారు ఈ కొండలకు చేరిన తరువాత జరుగుతున్నదీ అటువంటిదే. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు క్రైస్తవ కీర్తనను దేశీయ రాగతాళాల్లో నడిపించిన నాటినుంచి, ఈ కనుమల పొడుగునా పాట క్రైస్తవారాధనకు ముఖ్యమైన అంగమైంది. ఇటీవలి దశాబ్దాల్లో తెలుగు ఆరాధన గీతాలకు కీబోర్డు, గిటారు తోడుగా నిలవడం మామూలైంది. సినిమా పాట విని గిటారు కొనుక్కున్న యువకుడు ఒక ఆదివారం మందిరంలో వాయించాడంటే, మరుసటి ఆదివారం అతడికోసం ఎదురుచూసేవారు ఉంటారు. నాలుగు కార్డులు వచ్చినంత మాత్రాన చాలని అనుకున్నవాడు, ఎవరో ఎత్తుకున్న శ్రుతికి అప్పటికప్పుడు కార్డు మార్చడం నేర్చుకోవలసి వస్తుంది, గొంతు సన్నగిల్లినచోట వాద్యాన్ని తగ్గించడం నేర్చుకోవలసి వస్తుంది; ఇవేవీ మొదట అతడిని పిలిచిన పాటలో లేవు. మోరి ఊదేవాడిమీద పండుగ మోపిన భారమే ఇప్పుడు గిటారుమీద మోపబడింది. ఒక మతం స్థానంలో మరొకటి వచ్చినప్పుడు పాత వాద్యాలు మూగబోవడం బాధాకరమైన విషయమే, దాన్ని తేలికచేసి చూడకూడదు; అయినా వాద్యానికీ సమూహానికీ ఉన్న బంధం మాత్రం ఈ మార్పులో తెగలేదు.

అందువల్ల మండనుడికీ ప్రభాకరుడికీ మధ్య తీర్పు చెప్పవలసివస్తే, వాద్యం విషయంలో ఇద్దరూ వేర్వేరు కాలాలను గురించి మాట్లాడారనడం సరైనది: తీగమీద మొదటిసారి వేలు పెట్టించేది ఇష్టసాధనతే, వేళ్ల నొప్పి తరువాత కూడా దాన్ని వదలనివ్వనిది కార్యతే. వినోదంకోసం వచ్చే ప్రయాణికుల ఎదుట ధింసా ప్రదర్శనగా మారిన ఈ కాలంలో దీనివల్ల ఒక ఆచరణీయ పర్యవసానం కూడా ఉంది. ధింసా బాణీలను రికార్డు చేసి, సినిమా పాటల్లో చేర్చి, వేదికలెక్కించి యువకుల్లో ఆసక్తి పుట్టించాలన్న ప్రయత్నాలు మంచివే, అవి కోరికను కలిగిస్తాయి. కాని బోడ ధింసాకు గ్రామదేవత కొలువు, పోతర్ తోలాకు అడవిలో ఆకు ఏరే హక్కు, కొత్తల పండుగకు ఆ నేలమీద పండిన కొర్రా సామా లేకపోతే, ఆ కోరికకు చేరవలసిన చోటు ఉండదు. మోరి నేర్పే శిక్షణ తరగతికన్నా, మోరి అవసరమయ్యే పండుగ ఊళ్లో ఏటా జరిగేటట్లు చూడడం ముందుగా చేయవలసిన పని, అది అడవిమీదా భూమిమీదా ఆ ప్రజల హక్కుల ప్రశ్ననుంచి విడదీయరానిది.