మంచి బడి పక్కన ఇల్లు

ఇల్లు కొనేముందు మా పెద్దవాళ్లు మూడు సంగతులు విచారించేవాళ్లు. బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయా, వానాకాలం వీధిలో నీరు నిలుస్తుందా, గుమ్మం ఏ దిక్కుకి ఉంది అని. ఇప్పుడు వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న వచ్చి చేరింది: దగ్గర్లో మంచి స్కూలుందా? చిన్నపిల్లలున్న ఏ తల్లయినా అడిగేదే, ఇందులో తప్పు పట్టాల్సిందేమీ కనిపించదు. అయితే ‘మంచి’ అన్న మాటలో ఏమేం ఇమిడి ఉన్నాయి, ఆ మంచిని వెతికే పని ఇంట్లో ఎవరి మీద పడుతోంది, ఆ వెతుకులాట ఫలితం ఇంకెవరి పిల్లల మీద పడుతోంది అని ఆలోచిస్తూ పోతే, ఇది ఇంటి బేరంతో ముగిసే విషయం కాదనిపిస్తుంది.

మా ఇంట్లో ఈ చర్చ ఏడాదిగా నడిచింది. నేనుండేది తెనాలిలో. అమ్మాయి బాపట్లలో లెక్చరర్. అల్లుడికి రేపల్లెలో బ్యాంకు ఉద్యోగం. మనవరాలిని ఒకటో తరగతిలో చేర్చాలి. మూడు ఊళ్లలో ఎక్కడ కొన్నా ఎవరో ఒకరు రోజూ రైలో బస్సో ఎక్కక తప్పదు. ఇంటికి పెట్టే డబ్బులో సగం నాది. ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. మా పుట్టింట్లో మాత్రం అది పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం దగ్గరే ఆగింది. ఆ అరెకరం అమ్మాను. ఇల్లు అమ్మాయి పేరున రిజిస్టరు కావాలన్నదొక్కటే నా షరతు.

మూడింటిలో పెద్ద ఊరు తెనాలి. రైలు జంక్షను, ఊరి మధ్యనుంచి పారే కాలవలు, పేటకో ప్రైవేటు స్కూలు. బాపట్ల 1945లో వ్యవసాయ కళాశాల వచ్చినప్పటినుంచీ చదువుల ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లా కేంద్రం అయ్యాక అక్కడ స్థలాల ధర చెప్పేవాళ్ల గొంతే మారిపోయింది. రేపల్లె కూడా ఆ జిల్లాలోకే వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. తెనాలి నుంచి వెళ్లే రైలు లైను రేపల్లెలో ఆఖరవుతుంది. 2006లో పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన వచ్చాక ఏటి అవతలి దివిసీమ ఆ ఊరికి దగ్గరైంది.

అమ్మాయి ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసింది. పిల్లలెందరు, టీచర్లెందరు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉందా, అందులో నీళ్లొస్తాయా, ఆటస్థలం, కథల పుస్తకాలు, ఫీజు, ఇంటినుంచి దూరం, మధ్యలో దాటాల్సిన రోడ్డు. వీటిలో చాలావాటికి జవాబు తెలుసుకోవటం ఇప్పుడు కష్టం కాదు. యూడైస్ అనే ప్రభుత్వ సమాచార వ్యవస్థలో బడివారీగా గదులు, టీచర్లు, మరుగుదొడ్ల లెక్కలున్నాయి. ఆ పుస్తకం నిండటానికి ఆరు నెలలు పట్టింది. సెలవులన్నీ దానికే పోయాయి. అల్లుడు మంచివాడు, బ్యాంకు రుణం కాగితాలన్నీ తనే చూశాడు. కానీ స్కూలు సంగతి అడిగితే, “అది మీరే చూడాలత్తయ్యా, మీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది” అనేవాడు. రేపు బడి తప్పని తేలితే తప్పు ఎవరిదవుతుందో ఆ మాటలోనే ఉంది.

అయితే గళ్లలో పట్టని మాటలు కొన్ని మూడు ఊళ్లలోనూ వినిపించాయి. “ఏరియా మంచిదమ్మా, అంతా మనవాళ్లే” అన్నాడు ఇళ్లు చూపించే మధ్యవర్తి. “మా దగ్గర చేరేవాళ్లంతా మంచి ఫ్యామిలీలండీ” అన్నారు ఒక ప్రైవేటు స్కూల్లో. “ఆ స్కూలు బావుంటుంది గానీ, వచ్చే పిల్లలు...” అని ఆపేసింది ఇంకొకావిడ. ఎవరూ కులం పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేకపోయింది. మేం రాసుకున్న లెక్కలన్నిటికంటే చివరికి బరువు తూగేవి ఈ సగం మాటలే.

ఇవి నిన్న పుట్టినవి కావు. మన డెల్టా గ్రామాల్లో ఊరు వేరు, పల్లె వేరు. మధ్య ఒక రోడ్డో, పంటబోదో, ఖాళీ దిబ్బో ఉంటుంది. బడీ అలాగే విడిపోయింది. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల పేర్ల చివర బ్రాకెట్లో ‘మెయిన్’ అనీ, ‘ఎస్సీ’ అనీ, హరిజనవాడ అని అర్థమొచ్చే పొడి అక్షరాలనీ చాలాకాలం చూశాం. పట్నానికి వచ్చాక ఊరు, పల్లె అన్న మాటలు పోయి ‘ఏరియా’ అన్న మాట వచ్చింది.

తెనాలి నుంచి బాపట్ల వెళ్లే పాసింజరు చుండూరులో ఆగుతుంది. అక్కడ 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. బతికినవాళ్లు ఊరు విడిచి తెనాలి వచ్చి తలదాచుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అంతకు నెల రోజుల ముందు సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగిలిందన్న తగాదా దగ్గర్నుంచి ఆ కక్ష పెరిగింది. పక్కన ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న మన ప్రాంతంలో అంత దూరం వెళ్లింది. బడి బెంచీ గురించి మనం సగంలో ఆపేసే మాటలను ఆ చరిత్రకు దూరంగా పెట్టి వినటం నాకు సాధ్యం కాదు.

మరి సొంత బిడ్డకు మంచి కోరుకోవటం తప్పా? న్యాయం అందరినీ సమానంగా చూడమంటుంది, ప్రేమ ఒకరిని ఎక్కువగా చూడమంటుంది. నీతిశాస్త్రం న్యాయాన్నే పెద్దపీట మీద కూర్చోబెట్టి ప్రేమను వంటింటి వ్యవహారంగా చూసింది. ఇది మగవాళ్ల అనుభవాన్నే కొలబద్దగా పెట్టుకోవటం వల్ల వచ్చిందని కేరల్ గిలిగన్ 1982లో వాదించింది. సంరక్షణలో కూడా ఒక నైతిక దృష్టి ఉందంది. స్త్రీవాదులుగా మనకు ఆ వాదన చాలా ఇచ్చింది. కానీ మన దేశంలో ‘నా’ అన్నది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కులం నిర్ణయిస్తుంది. నా బిడ్డ అన్న మాట తెలియకుండానే మనవాళ్లు అన్న మాటలోకి జారుతుంది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్, కులానికి ప్రాణం లోపలి పెళ్లిళ్లేననీ, వాటిని నిలబెట్టటానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయనీ విశ్లేషించాడు. కులం గేటుకు గడియ ఆడదాని శరీరమే అయింది. ఇప్పుడు అదే గేటు దగ్గర తల్లిని కాపలా పెడుతున్నారు. పిల్ల ఎవరితో ఆడుకోవాలో, ఎవరి డబ్బాలోది తినాలో, ఏ వీధిలో పెరగాలో నిర్ణయించే పనిని ప్రేమ పేరుతో ఆమె చేతికే ఇస్తున్నారు.

నేనూ అమ్మాయీ చాలాసార్లు వాదించుకున్న మీదట ఒక తేడా మాకు స్పష్టమైంది. బడినుంచి మనం కోరుకునేవాటిలో పంచితే తరగనివి కొన్ని ఉన్నాయి. చదువు చెప్పే టీచరు, నీళ్లొచ్చే మరుగుదొడ్డి, కొట్టని చెయ్యి, కథల పుస్తకం. ఇవి పక్క పిల్లకు కూడా దొరికితే నా మనవరాలికి తగ్గేదేమీ లేదు. పంచితే పోయేవి ఇంకొన్ని ఉన్నాయి. పెద్ద స్కూలన్న పేరు, మంచి ఫ్యామిలీల సహవాసం, మిగతా పిల్లలకంటే ఒక మెట్టు పైన ఉండటం. ఇవి ఎవరో ఒకరు బయట ఉంటేనే ఉంటాయి. మొదటివాటి కోసం తల్లి ఎంత పక్షపాతంగా వెతికినా అన్యాయం లేదు. రెండోవాటికి తల్లి ప్రేమ అన్న పేరు సరిపోదు.

మనం వెళ్లిపోవటం వల్ల మిగిలినవాళ్లకు ఏమవుతుందన్నది కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే ఒక్కో పిల్లా టీచరులో కొంత భాగాన్ని వెంట తీసుకొస్తుంది, మానేస్తే తీసుకుపోతుంది. స్థోమతున్న ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే ముగ్గురు టీచర్లు ఇద్దరవుతారు, ఆ తర్వాత ఆ బడి బాగాలేదన్న మాట నిజమవుతుంది. 2022లో జీవో 117 కింద చాలాచోట్ల మూడు నుంచి ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి అమరికను మళ్లీ మార్చారు. ప్రతి మార్పుకీ ఎనిమిదేళ్ల ఆడపిల్లను పెద్ద రోడ్డు ఎవరు దాటించాలన్నది కూలికెళ్లే తల్లే తేల్చుకోవాలి.

ఒక ప్రాంతంలోని పిల్లలంతా కులం, డబ్బు తేడా లేకుండా అక్కడి బడికే వెళ్లాలని 1964–66లో కొఠారీ కమిషన్ చెప్పింది. గొప్ప ఆలోచనే. కానీ పొరుగే కులంవారీగా కట్టుకుని ఉంటే పొరుగుబడి కూడా అలాగే తయారవుతుంది. మా వీధిలో చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. స్కూలుకు పదికెన్ని మార్కులో చూసి వాళ్లక్కడ ఇళ్లు కొంటారు. అక్కడ బడుల డబ్బులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఆస్తి పన్నునుంచే వస్తుంది. టెక్సాస్‌లో ఒక పేద ప్రాంతపు మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు ఇది అన్యాయమని కోర్టుకెక్కితే, ఆ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు తేల్చింది. బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని 1954లో అదే కోర్టు చెప్పింది. చట్టం తీసేసిన గోడను ఇళ్ల ధరలు మళ్లీ కట్టగలవు.

మునిసిపల్ స్కూల్లో టీచరుగా ఉన్న దళిత మిత్రురాలితో ఇదంతా చెప్పాను. ఆవిడ తన కొడుకును ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూల్లో చదివించింది. “మేడమ్, నేను నా బిడ్డని అక్కడికి పంపింది మూసిన తలుపు తెరిపించటానికి. మీవాళ్లు పంపేది ఆ తలుపు మూయించటానికి. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు” అంది. కాసేపాగి, “మీ మనవరాలు మా స్కూలుకొస్తే అందరూ మిమ్మల్ని పెద్ద త్యాగం చేశారంటారు. మా పిల్లల పక్కన కూర్చోవటం త్యాగమెట్లా అవుద్ది?” అని అడిగింది. ‘సిద్ధాంతాల కోసం పిల్లను బలిపెడతావా’ అని బంధువులు నన్నడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అదే. బలి అన్న మాట వాడటానికి ముందే ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లలకు మనం ఒక విలువ కట్టేశాం.

ఆ రాత్రి అమ్మాయి నోటుపుస్తకం తెరిచి ఒక నియమం పెట్టింది. ఏ బడి గురించి ఏం అడగాలనుకున్నా, ఆ బడి గేటు దగ్గర నిలబడి, అక్కడ పిల్లల కోసం ఎదురుచూస్తున్న తల్లుల ముందు గట్టిగా అడగగలగాలి. మరుగుదొడ్లో నీళ్లొస్తున్నాయా? అడగొచ్చు, ఆ తల్లులూ గొంతు కలుపుతారు. టీచరు కొడుతుందా? అడగొచ్చు. ఇక్కడికి ఎలాంటి పిల్లలొస్తారు? ఆ ముఖాలు చూస్తూ అడగలేం. అలాంటివన్నీ కొట్టేసింది. కొట్టేశాక మూడు ఊళ్ల మధ్య తేడా మేం అనుకున్నంత లేదు. మిగిలిందల్లా దూరం, టీచర్లు, రోడ్డు.

బాపట్లలో కొన్నారు. అమ్మాయి కాలేజీకి నడిచి వెళ్లగలదు, మునిసిపల్ ప్రాథమిక పాఠశాల రెండు వీధుల అవతల ఉంది, మధ్యలో పెద్ద రోడ్డు లేదు. రేపల్లె బస్సు ఎక్కేది అల్లుడు. అతనికింకా పూర్తిగా ఇష్టం లేదు, ఏడాది చూద్దామంటున్నాడు. చూడమన్నాను, కాకపోతే నోటుపుస్తకం ఈసారి అతన్ని రాయమన్నాను. బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి అమ్మాయి మొదటిసారి వెళ్లొచ్చింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ లేదట. అది ఎప్పటినుంచో అడుగుతున్నామని అక్కడి తల్లులు చెప్పారట. ఈసారి అర్జీ మీద ఆమె కూడా సంతకం పెట్టింది.