'సారీ' యను చిన్న మాట



మన కోనసీమలో ఇంగ్లీషు చదువనివారి నోటను గూడ నిలిచిన మాట 'సారీ'. అమలాపురము బస్సులో ఒకని కాలు త్రొక్కిన 'సారీ' అందుము. ఎదుటివాని మాట వినబడకున్నను అదే. అప్పు అడుగ వచ్చినవానిని త్రిప్పి పంపుటకును అదే. ఇంగ్లీషువారు చావు ఇంట ఓదార్చుటకును ఆ మాటయే వాడుదురు. ఇన్ని పనులు చేయు మాట, తప్పు చేసినప్పుడు ఏ పని చేయుచున్నది?

1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన మనకు కాలువ నీరు కలిగినది. ఆ నీటి వంతులయొద్దనే తగవులును కలుగుచున్నవి. మా సంఘములో ఇద్దరన్నదమ్ములు. దాళ్వాలో తమ్ముడు రెండు మారులు రాత్రివేళ బోదెకు అడ్డుకట్ట వేసి, అన్న వంతు నీటిని తన చేనికి మళ్లించుకొనెను. అన్న చేను పొట్టదశలో ఎండెను. తమ్ముడు 'సారీ అన్నయ్యా' అని దాటిపోయెను. అన్న ప్రభురాత్రి భోజనమునకు వచ్చుట మానెను.

మేము అన్నయొద్దకు వెళ్లి, క్షమింపరాదా అని అడిగితిమి. 'అయ్యగారండీ, ఆ మాటతో నా చేను తడుస్తుందాండీ?' అనెను. మాకు జవాబు తోచలేదు. డెబ్బది ఏళ్లమారులు క్షమింపుమన్న ఆజ్ఞ అన్నకున్నది, నిజమే. అయితే నష్టపోయినవానికి బోధించుట సులువని మేము మొదట అతని గుమ్మమే ఎక్కితిమి. అది మా తప్పు.

ప్రాచీన ఆంగ్లములో ఈ మాట పుండు, నొప్పి అను అర్థముగల మాటనుండి పుట్టినది. అనగా 'సారీ' అనువాడు 'నాకు నొప్పిగా నున్నది' అని చెప్పుచున్నాడు. నొప్పి లేనివాడు ఆ మాట పలికిన అది అబద్ధమే గదా! జక్కయ్య (లూకా 19:8) ఉత్తమాటతో సరిపెట్టలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను.

పిమ్మట తమ్మునియొద్దకు వెళ్లి ఈ సంగతి చెప్పితిమి. తరువాతి వంతునాడు అతడు తానే పార పట్టి, అన్న చేను తడియువరకు గట్టుమీద నిలిచెను. ఎండిన పంట తిరిగి రాలేదు. అన్న ఇంకను బల్లయొద్దకు రాలేదు గాని, తమ్ముని చూచి ముఖము త్రిప్పుకొనుట మానెను.

ప్రియులారా, మత్తయి 5:23, 24 వచనములు చదువుడి. ఈ నెల బల్లకు రాకముందు, మనము 'సారీ' అని దాటివచ్చిన గుమ్మమేదో జ్ఞాపకము చేసికొని, వట్టి చేతులతో గాక అక్కడికి తిరిగి వెళ్లుదము. ఆమెన్.