నీళ్లియ్యని దయ

2023 సంవత్సరము మార్చి నెలలో మేము కొన్ని దినములు అమెరికా దేశమందలి ఫ్లోరిడాలో గడుపుట తటస్థించెను. మా సంఘములో పెరిగి, మా చేత బాప్తిస్మము పొందిన యొక కుమార్తె అక్కడ మెల్‌బోర్న్ అను పట్టణములో కాపురముండి, మమ్మును మా యింటివారిని పిలిపించుకొనెను. వారి యిల్లు ఒక కాలువ గట్టున నున్నది. ఆ కాలువ పోయి ఇండియన్ రివర్ లగూన్ అను ఉప్పునీటిలో కలియును. పేరులో నది యున్నను అది నది కాదు. మన పులికాటు సరస్సువలె సముద్రమునకును నేలకును నడుమ చిక్కిన నీరు, పొడవు మాత్రము సుమారు 250 కిలోమీటర్లు. పెరటిలో పచ్చిక, పచ్చిక చివర నీటిమీదికి కట్టిన చెక్క బల్లల రేవు. ప్రాతఃకాల ప్రార్థన ముగించుకొని మేము ఆ రేవుమీద కుర్చీ వేసికొని కూర్చుండెడివారము. పల్లెలో పుట్టినవారికి ఊరక కూర్చుండుట యెక్కడనైనను కుదురును.

మొదటి రెండు దినములు పక్షులనే చూచితిమి. మన కొల్లేటి గూడబాతు నీటిమీద ఈదుచు, గొంతుసంచితో చేపలను తోడుకొనును గదా. అక్కడి గోధుమవన్నె గూడబాతు అట్లు చేయదు. ఆకాశమునుండి తలక్రిందుగా నీళ్లలో పడును. దాని మెడ విరిగెనేమో యని మా యింటివారు మొదటిసారి కేక వేసిరి. చేపలు పట్టు గద్ద యొకటి, దానిని ఆస్ప్రే యందురు, కాళ్లు ముందుకు చాచి నీళ్లలోనికి దూకి చేపతో లేచెను. తెల్లని కంకణపిట్టలు మన పెరటి కోళ్లవలె పచ్చికలో పురుగులు పొడుచుకొని తినుచుండెను. ఒక దినము సూర్యోదయవేళ రెండు డాల్ఫినులు కాలువ మొగవరకు వచ్చి మరలిపోయెను.

మూడవనాడు నీటిమీద పళ్లెములంతటి నున్నని వలయములు ఒకదాని వెంబడి నొకటి కనబడెను. చుట్టునున్న నీరు గాలికి చిట్లుచుండగా ఆ వలయములు మాత్రము నూనె పోసినట్లుండెను. అంతలో బుస్సుమని ఊపిరి విడిచిన శబ్దము. చెరువులో పండుకొనిన గేదె ముట్టె మాత్రము పైకెత్తునట్లు రెండు ముక్కురంధ్రములు పైకి వచ్చి మూసికొని మునిగిపోయెను. అదియే మనాటీ. సముద్రపు ఆవు అనియు దానికి పేరు. వెడల్పైన తోకతో అది నీళ్లను తొక్కుచు పోవునప్పుడు పైన ఏర్పడు అడుగుజాడలే ఆ వలయములని మాకు చెప్పిరి.

దానినిగూర్చి మేము నేర్చుకొనినది కొంత చెప్పెదము. ఎదిగిన మనాటీ సుమారు 3 మీటర్ల పొడవు, దాదాపు 450 కిలోల బరువు, అనగా మంచి ముర్రా గేదెయంత. కొన్ని అంతకు రెట్టింపును మించును. అది చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చును, పిల్లను కని పాలిచ్చును. పాలిండ్లు ముందరి తెడ్ల చంకలలో నుండును. ఆ తెడ్ల కొనలను మూడు నాలుగు గోళ్లుండును. బ్రదికియున్న నేలజంతువులలో దానికి దగ్గర చుట్టములలో ఏనుగు ఒకటి. నీటిగడ్డియే దాని ఆహారము. దినమునకు తన బరువులో పదియవ వంతు వరకు మేయును. ఇసుకతో కూడిన గడ్డి నమలుటచేత అరుగు పండ్లు ముందుకు జరిగి రాలిపోవుచుండగా, వెనుకనుండి క్రొత్తవి వచ్చుచునే యుండును. ఈడు మీరినవారమై పండ్లు కదలుచున్న మాకు ఇది విని కొంచెము అసూయ కలిగెను. చలికి మాత్రము అది బహు దుర్బలము. నీరు 20 డిగ్రీలకంటె చల్లబడినయెడల తాళలేదు. అందుచేత శీతకాలములో వెచ్చని ఊటలయొద్దను, విద్యుత్ కేంద్రములు విడుచు వేడినీటియొద్దను మందలుగా చేరును.

ఇక్కడ మా లేఖనపఠనమునుగూర్చి ఒక మాట ఒప్పుకొనవలెను. నిర్గమకాండములో ప్రత్యక్షపు గుడారముపైన వేసిన కప్పులలో సముద్రవత్సల తోళ్లు అను మాట మేము ఎన్నిసారులు చదివితిమో లెక్కలేదు. ఆ వత్స యెట్టిదని ఒక్కసారియైన అడిగినవారము కాము. ఆ హెబ్రీ మాటకు అర్థము పండితులకే తేలలేదు. కొన్ని భాషాంతరములలో వేరు జంతువుల పేరులున్నవి. అయినను మనాటీకి జ్ఞాతియైన డ్యూగాంగ్ ఎఱ్ఱసముద్రములో నేటికిని నున్నది. రూపెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1834లో దానికి గుడారమును జ్ఞాపకముచేయు పేరే పెట్టెను. మన దేశమునందును తమిళనాటి పాక్ సముద్రములో అవి కొద్దిగా మిగిలియున్నవి. వాటికొరకు 2022లో అక్కడ 448 చదరపు కిలోమీటర్ల నీటిని ప్రత్యేకించిరి. తోలుగా మాత్రమే మేమెరిగిన ఆ వత్సకు చుట్టము, ప్రాణముతో, మా కాళ్లయొద్దకు వచ్చెను.

ఆ మరునాడు జరిగినదానినిబట్టియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. పడవ కడుగుకొనుటకై ఆ రేవుమీద ఒక కుళాయియు, దానికి రబ్బరు గొట్టమును గలవు. గొట్టము చివరనుండి నీళ్లు బొట్లుబొట్లుగా కారుచుండెను. ఒక తల్లి మనాటీ పిల్లతోకూడ వచ్చి, మూతి పైకెత్తి ఆ బొట్లు నోట పట్టుకొనుచుండెను. దాని వీపుమీద ఏడెనిమిది తెల్లని గాట్లు వరుసగా, నాగటిచాళ్లవలె నుండెను. అవి మోటారు పడవ రెక్కలు కోసిన మచ్చలు. వాటిని లెక్కపెట్టువారు ఒక్కొక్క మనాటీని ఆ మచ్చలనుబట్టియే గుర్తించి, వాటి పటములు తీసి భద్రపరచుదురట. గాయమే దాని ఆనవాలు. మేము రైతుబిడ్డలము. దప్పిగొన్న పశువు ఎదుట నిలిచియుండగా చేయి ఊరకుండదు. కుళాయి త్రిప్పితిమి. నీరు ధారగా పడెను. అది రెండు తెడ్లతో రేవు కొయ్యను పట్టుకొని త్రాగసాగెను.

లోపలినుండి ఆ కుమార్తె పరుగెత్తుకొని వచ్చెను. “అయ్యగారూ, కట్టేయండి! దానికి నీళ్లు పెట్టకూడదండీ.”

“ఎందుకమ్మా? నోరులేని జీవి, దాహంతో వచ్చింది గదా.”

“చట్టం ఒప్పుకోదండీ. అయినా దానికే చేటండీ,” అని తానే కుళాయి కట్టివేసెను. తల్లి మనాటీ ఇంకను కొంతసేపు మూతి యెత్తి నిలిచి, పిమ్మట మునిగెను.

మేము నొచ్చుకొంటిమి. దాహముగొన్నవానికి, శత్రువైనను, నీళ్లియ్యుమని ఇరువది యేండ్లుగా బోధించుచున్న కాపరిమి. అబ్రాహాము సేవకుని పది ఒంటెలకు రిబ్కా నీళ్లు చేదిపోసినందుననే ఆమె గుణము తెలియబడెను గదా. నీళ్లు పోయుట తప్పని చెప్పు దేశము ఎట్టి దేశము? ఆనాటి మధ్యాహ్నము భోజనము కూడ సరిగా చేయలేదని మా యింటివారు నేటికిని ఎత్తిపొడుచుచుందురు.

చట్టము మాట నిజమే. అమెరికాలో సముద్రపు క్షీరదముల రక్షణకు 1972లోను, అంతరించుచున్న జంతువులకు 1973లోను, మనాటీలకొరకే ఫ్లోరిడాలో 1978లోను చట్టములు చేసిరి. కారణమేమనగా, గొట్టపు నీరు మరిగిన మనాటీ రేవులను విడిచిపోదు. రేవులున్న చోటనే పడవలుండును. మనుష్యుని చూచి దగ్గరకు వచ్చుట నేర్చుకొనినది పడవ చప్పుడునకు తొలగుట మరచును. ఏళ్లు వాగులు కలియు చోట్ల వాటికి మంచినీళ్లు దొరకును. మన కుళాయి లేకున్న చచ్చునవి కావు. ఆ వీపుమీది గాట్లు ఏ దయగలవాని రేవుయొద్ద పడినవో యెవరు చెప్పగలరు?

ఆ రాత్రి నిద్రపట్టక మేము రిబ్కా కథ మరల ఆలోచించితిమి. ఒంటె మనుష్యుని పోషణలోనిది. దానికి నీళ్లు పోసినవారు దాని భారమునుకూడ ఎత్తుకొందురు. సాయంకాలమున కట్టుగొయ్యకు కట్టి మేత వేయుదురు. మన యెద్దు దున్నును, మనము మేపుదుము. అది ఒక నిబంధన. మనాటీకి మేమిచ్చినది అట్టిదా? కుళాయి కట్టి మేము లోపలికి పోయి కాఫీ త్రాగెదము. దాని రేపటినిగూర్చి, ఎల్లుండినిగూర్చి మాకు పూచీ లేదు. యోబు గ్రంథములో దేవుడు అడవిగాడిదనుగూర్చి అడిగినప్పుడు, యోబు దానికి నీళ్లు పోయలేదని నిందింపలేదు. దానిని విడిచిపెట్టినది తానేనని చెప్పెను. మరియొక సంగతి ఒప్పుకొనుటకు సిగ్గుగానున్నది. ఊరికి తిరిగివచ్చి, సముద్రపు ఆవు మా చేతినుండి నీళ్లు త్రాగెనని చెప్పుకొనవలెనని ఆ క్షణముననే మా మనస్సులో నుండెను. ఆ నీళ్లు దాహమునకు పోసినవెన్ని, దానిని దగ్గర నిలుపుకొనుటకు చెల్లించిన కూలి యెంత?

ఆ లగూన్ ఒడ్డుననే, మెల్‌బోర్న్‌కు దక్షిణముగా సెబాస్టియన్ అను ఊరున్నది. అక్కడ పాల్ క్రోగెల్ అను జర్మనుదేశపు వలసవాడు పడవలు చేయుచు ఒడ్డుమీద కాపురముండెను. ఇంటినుండి చూచిన ఎదుట గూడబాతుల లంక. స్త్రీల టోపీలలో ఈకలు పెట్టుకొను ఆ కాలమున వేటగాండ్రు వచ్చి పక్షులను కుప్పలుగా కాల్చుచుండిరి. క్రోగెల్ తుపాకి పట్టుకొని పడవలో పోయి వారికి అడ్డు నిలిచెను. 1903 మార్చి 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ లంకను పక్షుల ఆశ్రయముగా ప్రకటించెను. ఆ దేశములో అట్టిది అదియే మొదటిది. క్రోగెల్‌ను కావలివానిగా నియమించి నెలకు ఒక డాలరు జీత మిచ్చిరి. అతడును మావలె తన ఇంటినుండి చూచినవాడే. మన శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను గూడబాతులు ఇండ్ల నడుమ చింతచెట్లపై గూళ్లు కట్టును; రెట్టల కంపు ఓర్చుకొని ఊరివారు వాటిని కదపరు. చూచుటకు వీరందరు ఏదో ఒకటి చెల్లించిరి.

మరునాడు సాయంకాలము ఆ కుమార్తెతో సమాధానపడి మాటలాడితిమి. అప్పుడు ఆమెయే మరియొక సంగతి చెప్పెను. 2021లో ఫ్లోరిడాలో 1,100 మనాటీలు చనిపోయినవి. అంతకుముందు ఏ యేటను అన్ని పోలేదు. ఆకలిచే చిక్కి చచ్చినవి అందులో అనేకము. 2011 మొదలు నాచు విపరీతముగా పెరిగి ఆ లగూన్‌లో నీటికి వెలుతురు అందక, గడ్డి సగానికి మించి నశించెను. నాచుకు బలమిచ్చినది ఇండ్ల మురుగు, సెప్టిక్ ట్యాంకుల ఊట, పచ్చికలకు చల్లు ఎరువు. అప్పుడు ప్రభుత్వమువారే, ఎవరు మేపినను శిక్షించువారే, కేప్ కెనావెరల్ దగ్గర విద్యుత్ కేంద్రమువద్ద రెండు శీతకాలములు లెట్యూస్ అను ఆకుకూర వేసిరి. మొదటి శీతకాలముననే 2 లక్షల పౌండ్లకు మించెను. 2023 చివరి శీతకాలమునాటికి గడ్డి కొంత మరల మొలచుటచేత ఆ పని మానిరి. ఇది తమ మాట తామే తప్పుట యని కొందరనిరట. మాకట్లు తోచలేదు. ఒకని చేను తగులబెట్టినవాడు వానికి గంజి పోయుట ధర్మకార్యము కాదు, అప్పు తీర్చుట.

చెప్పుచు చెప్పుచు ఆమె పచ్చికవైపు చూచి ఊరకుండెను. అది మెత్తగా, ఒక కలుపుమొక్కయైన లేక, మిక్కిలి పచ్చగా నుండెను. దానికి ఎరువెవరు వేయుదురని మేము అడుగలేదు. ఆమెయే, “మనిషి వచ్చి చల్లిపోతాడండీ, డబ్బు మేమే ఇస్తాం,” అనెను. ఆ కౌంటీలో జూను 1 మొదలు సెప్టెంబరు 30 వరకు నత్రజని, భాస్వరము గల ఎరువులు పచ్చికకు వేయరాదని కట్టడి యున్నది. తక్కిన నెలలలో కొన్ని నియమములకు లోబడి వేయవచ్చును. కుళాయి కట్టిన చేయియే ఆ డబ్బునుకూడ ఇచ్చుచుండెను. ఆమెను నొప్పించుటకు ఇది వ్రాయుటలేదు. వ్రాయుటకు ఆమెయే సెలవిచ్చెను. మాకును రెండెకరముల వరిచేను గలదు. ప్రక్కచేను నల్లగా కనబడినయెడల మనమును ఇంకొక బస్తా యూరియా చల్లుదుము. మిగిలినది బోదెలోనికి, బోదెనుండి మురుగుకాలువలోనికి, అక్కడనుండి కొల్లేటికి పోవునని ఎరిగియే చల్లుదుము. కొల్లేటి గూడబాతులను చూచుటకు బడిపిల్లలను తీసికొనిపోయినవారము మేమే.

బయలుదేరు దినమున ఉదయము ఆ తల్లియు పిల్లయు మరల వచ్చినవి. గొట్టమును చుట్టి లోపల పెట్టియుండిరి. తల్లి రేవు కొయ్యయొద్దకు వచ్చి మూతి యెత్తి, ఏమియు లేకుండుట చూచి కొంతసేపు ఆగెను. మేము చేతులు వెనుకకు కట్టుకొని నిలిచితిమి. తరువాత నున్నని వలయములు ఒకటొకటిగా కాలువ నడిమికి పోయినవి. మొన్న ఆ కుమార్తె ఫోనులో మాటలాడుచు, ఎరువు మాన్పించినందున పచ్చిక పసుపుబారినదనియు, ప్రక్కయింటివారు రెండుసారులు అడిగిరనియు చెప్పెను. మా చేనికి ఈ సారువాలో ఎన్ని బస్తాలు వేయవలెనో మా తమ్మునితో ఇంకను వాదము తేలలేదు.