కబురు తెచ్చింది ఎవరు?



హదీసు విద్యలో మన విద్యార్థి మొదట నేర్చేది సనద్. ఈ మాట ఎవరు చెప్పారు, ఆయన ఎవరి నుండి విన్నారు, ఆయన నమ్మదగినవారేనా - ఇవన్నీ తేలనిదే ముహద్దిసులు హదీసును స్వీకరించలేదు. విన్న ప్రతి మాటనూ నలుగురికీ చెప్పుకుంటూ పోయేవాడు అబద్ధాలకోరు అవటానికి అదే చాలునని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన హదీసును ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథ పీఠికలోనే పొందుపరిచారు.

అదే విద్యార్థి తరగతి నుండి బయటికొచ్చి, ఎవరు రాశారో తెలియని సందేశాన్ని క్షణంలో నలభై మందికి పంపేస్తున్నాడు. పొద్దున చదివిన పాఠం సాయంత్రానికి ఏమైనట్లు?

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే వదంతి వాట్సాప్ ద్వారా అనేక రాష్ట్రాలకు పాకింది. ఆ ఏడాది జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ యువకులు బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, అనుమానం పుట్టింది. వారు కారులో బయలుదేరేసరికి కబురు వాట్సాప్‌లో వారికన్నా ముందే వెళ్లింది. ముర్కి గ్రామం దగ్గర గుంపు దారి కాసి కొట్టింది. వారిలో ఒక యువ ఇంజనీరు ప్రాణాలు పోయాయి. చెయ్యి చేసుకున్నవారిని పోలీసులు పట్టుకుంటారు. ఇంట్లో కూర్చుని కబురు పంపినవారి లెక్క ఎక్కడ తేలుతుంది? ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేయనున్నట్లు ప్రకటించింది. మంచిదే. కాని ఒక్కరికి పంపినా అబద్ధం అబద్ధమే కదా!

దుర్మార్గుడు కబురు తెస్తే విచారించుకోండి, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత కుమిలిపోతారని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయతు భావం. తెచ్చినవాడు ఎలాంటివాడో తెలిసినప్పుడే ఇంత జాగ్రత్త చెబితే, తెచ్చినవాడెవడో కూడా తెలియని కబురు సంగతేమిటి?

దైవప్రవక్త (సఅసం) పేరు తగిలించి, పది మందికి పంపితే శుభవార్త వింటారంటూ తిరిగే సందేశాలు మరీ దారుణం. జనం వాటిని పుణ్యమనుకొని పంపుతున్నారు! తెలియక పంపామంటారు. పక్క మస్జిదులో ఇమామ్ గారిని అడిగే వీలుండీ అడగనివారికి ఆ సాకు ఎంతవరకు పనికొస్తుంది?

ఉస్తాదులకు ఒక మనవి. ఫోన్ లాక్కున్నంత మాత్రాన తర్బియత్ జరగదు. వారానికొకసారి విద్యార్థులకు వచ్చిన సందేశం ఒకటి బోర్డు మీద రాయించండి. ఎవరు రాశారు, ఎప్పటిది, ఆ వీడియో ఏ ఊరిది, పోలీసులు గాని పత్రికలు గాని ధ్రువీకరించాయా అని వారి చేతనే విచారింపజేయండి. సనద్ దొరకకపోతే అది అక్కడే ఆగాలి, పంపింది ఇంటి పెద్దలైనా సరే. "అబ్బాజాన్, ఇది మీకు ఎవరు చెప్పారు?" అని కొడుకు మర్యాదగా అడిగితే, తండ్రులారా, కోప్పడకండి.