మాస్టారి బాకీ

ఐపీ పెట్టినవాడికి పోయిన పరపతి మళ్లీ వస్తుందా అంటే, బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా తడుముకోకుండా చెప్పేస్తాడు. వస్తుంది. చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవాలి. లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడుకుని, గడువులోగా మొత్తం కట్టేయాలి. దొరికిన ప్రతిచోటా అప్పుకు అర్జీ పెట్టకూడదు. 300కీ 900కీ మధ్య తిరిగే ఆ సిబిల్ అంకె మెల్లగా పైకి లేస్తుంది. ఇదంతా నిజమే, మా చిన్నాన్న విషయంలో కళ్లారా చూశాను. అయినా నాకు తెగని సందేహం ఒకటుంది. నమ్మకం ఒకరి దగ్గర పోగొట్టుకుని మరొకరి దగ్గర సంపాదిస్తే, పోయింది తిరిగొచ్చినట్టేనా?

ఈ మాట అనగానే పెద్దవాళ్లు జన్మల లెక్క తీస్తారు. అప్పు ఎగ్గొట్టినవాడు అప్పిచ్చినవాడి కొట్టంలో ఎద్దై పుడతాడట. ఈ నమ్మకం మీద నాకు రవ్వంత గౌరవం లేదు. అప్పులిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాని నమ్మకం ఇది. పంట పోయిన కౌలురైతును పురుగుమందు డబ్బా దాకా తోసేది వడ్డీ ఒక్కటే కాదు, చచ్చినా తీరదనే ఈ భయం కూడా. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే వాదనకు 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ, అప్పటి నుంచి చేసే అప్పుల విషయంలో, కోర్టు తలుపులు మూసేసింది. మంచి పని చేసింది.

ఐపీ అంటే ఎగవేతే అనే మాట కూడా నాకు కిట్టదు. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల సంగతి వేరు గానీ, మామూలు మనిషికి ఇప్పటికీ దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ఉన్న ఆస్తి రిసీవర్‌కు అప్పగిస్తే, వచ్చినంత అందరికీ పంచి, మిగిలిన బాకీ నుంచి మనిషిని విడుదల చేయమంటుందది. ముందే ఆస్తి భార్య పేరున రాసేవాళ్లు లేరనను. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో జరిగిన అలాంటి బదిలీలను రద్దు చేసే వీలు అదే చట్టంలో ఉంది. కిందపడ్డవాడిని లేవనివ్వని ఊరు ఊరు కాదు. ఇక్కడిదాకా నాకు ఏ తడబాటూ లేదు.

చీరాలలో మా చిన్నాన్నది బట్టల కొట్టు. దెబ్బతిన్నాక, తనఖాలో ఉన్న కొట్టును బ్యాంకు వేలం వేసుకుని, మిగిలింది సెటిల్‌మెంటు చేసుకుంది. బయటి నోట్లకు ఐపీ పెట్టాడు. వాటిలో ఒకటి మా వీధిలోని లెక్కల మాస్టారిది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి లక్షన్నర, రూపాయిన్నర వడ్డీకి ఇచ్చారు. ఐపీ నోటీసు ఆయన ఇంటికి రిజిస్టరు పోస్టులో వెళ్లింది. ఆ రోజు నుంచి చిన్నాన్న బజారుకు వెనక సందులోంచి వెళ్లేవాడు.

కోర్టు విడుదల చేసిన కొన్నేళ్లకు ఒక సాయంత్రం వాళ్లబ్బాయి ఫోను తెచ్చి చూపించాడు. ‘‘నాన్నా, ఏడొందల నలభై దాటింది!’’ చిన్నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ‘‘ఇందులో మాస్టారి బాకీ ఎక్కడుందిరా?’’

‘‘బయటి అప్పులు సిబిల్‌లోకి రావు నాన్నా.’’

‘‘అయితే ఇది ఎవరి లెక్క?’’

వాడు జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు. అప్పటికి చిన్నాన్న వేరే కొట్టులో గుమాస్తా. జీతం అందగానే ఐదు వేలు కవరులో పెట్టుకుని, నన్ను తోడు రమ్మని మాస్టారింటికి నడిచాడు. మాస్టారు కూర్చోమన్నారు. బీరువాలోంచి నోటు తీశారు. మడతల దగ్గర చిరుగులు పట్టింది. రెవెన్యూ స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడిన చిన్నాన్న సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని తిరగేసి పెన్ను అందించారు. కోర్టు కొట్టేసిన బాకీ, పైగా మూడేళ్లు దాటి కాలదోషం పట్టిన నోటు. ఇంక దీని మీద చెల్లు ఎందుకు మాస్టారూ అని ఉండబట్టలేక అన్నాను. ‘‘డబ్బు ముట్టినప్పుడు చెల్లు రాయాలి కదా బాబూ’’ అన్నారు. చిన్నాన్న తేదీ వేసి, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, సంతకం పెట్టాడు.

పరపతి తిరిగి రావడమంటే ఇదీ అని అప్పుడు నాకనిపించింది. కొన్ని నెలలకు చిన్నాన్న సొంతంగా చిన్న కొట్టు పెట్టుకుందామని హామీ సంతకం అడిగితే, మాస్టారు ‘‘అది నావల్ల కాదోయ్’’ అనేశారు. చెల్లు మాత్రం నెలనెలా రాయించుకుంటూనే ఉన్నారు. తప్పు పట్టలేను. బాకీదారు విడుదలైనా హామీదారు విడుదల కాడని ఆ 1920 చట్టమే చెబుతుంది. మరి తిరిగొచ్చిందేమిటి? చిన్నాన్న ముందు వీధిలోంచి నడుస్తున్నాడు. అది పరువు. నమ్మకం కాదు.

పోనీ, తీరుస్తేనే పరువు అందామా? మా వీధిలోనే ఐపీ పెట్టి హైదరాబాదు వెళ్లిపోయి, అపార్టుమెంటుకు కాపలా ఉంటున్న మిర్చి వ్యాపారి ఉన్నాడు. ఆయన ఏ నోటు మీదా చెల్లు రాయలేడు. ఆయన్ను తక్కువ చేస్తే నేనూ ఎద్దు జన్మ దగ్గరికే చేరతాను. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని మనిషి కొత్తగా రాసిస్తే కాంట్రాక్టు చట్టం దాన్ని గుర్తిస్తుంది. అడిగే హక్కు ఎప్పుడో పోయినా, ఇచ్చేవాడికి దారి మూసెయ్యలేదు. అంతవరకు బాగానే ఉంది. ఆ దారిన నడవలేనివాడి గురించి నా తర్కం ముందుకు సాగదు.

ఇన్నాళ్లూ నేను అప్పు తీసుకున్నవాడి వైపు నుంచే చూస్తున్నాను. విడుదల అనే దయ మన అందరి పేరునా కోర్టు చూపించింది. దాని ఖర్చు మాత్రం ఒక్క మాస్టారి పింఛను డబ్బులోంచి పోయింది. బ్యాంకుకైతే రానిబాకీల కోసం పక్కన పెట్టుకునే సొమ్ము ఉంటుంది, మాస్టారికి ఏముంది? ఒకప్పుడు ఆ వీధిలో కాలేజీ ఫీజు కట్టలేని పిల్లల తండ్రులందరూ ఆయన గడపే తొక్కేవాళ్లు. ఐపీ నోటీసు తర్వాత ఆయన ఎవరికీ చేబదులు ఇవ్వలేదు. చిన్నాన్నతో ఏ సంబంధమూ లేనివాళ్లకు కూడా. మా వీధిలో నిజంగా కూలింది ఆ నమ్మే గుణం. దాన్ని నిలబెట్టడానికి ఏ కార్డూ లేదు, ఏ డిపాజిట్టూ లేదు. మాస్టారు మళ్లీ ఎవరి పిల్లకైనా ఫీజు డబ్బు అప్పిచ్చిన రోజున పోయింది తిరిగొచ్చిందని ఒప్పుకుంటాను. ఇంతవరకూ ఇవ్వలేదు.