గుడ్డు ఎవరిది?

తణుకు చుట్టుపక్కల ఎటు చూసినా కోళ్ల ఫారాలే. ఇక్కడి గుడ్లు లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా పోతాయి. అదే ఊళ్ల అంచున ఉన్న మన ఎరుకల, యానాది పేటల్లో గుడ్డు ఇంకా లెక్కపెట్టుకుని తినే వస్తువే.

సంపూర్ణ పోషణ కింద గర్భిణికి నెలకు 25 గుడ్లు, 5 లీటర్ల పాలు ఇవ్వాలని పెట్టారు. అవి ఇంటికి చేరిన పూటే పెద్దపిల్లాడు చెయ్యి చాస్తాడు. తల్లి కాదనదు. మామగారికొకటి, పక్కింటి పసిదానికొకటి. పదిరోజులకి అట్ట ఖాళీ. దీన్ని సరుకు పక్కదారి పట్టడం అంటారు. గోదాములో మాయమైన బస్తాకీ, బిడ్డకి పెట్టిన గుడ్డుకీ ఒకటే పేరా?

అలాగని, పంచుకు తినడం మన జాతి గుణమని మురిసిపోవడమూ నాకు సమ్మతం కాదు. కుండ అడుగున మిగిలింది తినే మనిషి రోజూ ఒక్కతే అయితే, ఆమె ప్రతిసారీ తల్లే అయితే, దాన్ని పంపకం అనలేం. పైగా ఆమె ఇచ్చేస్తున్నది తన వంతు ఒక్కటే కాదు, కడుపులోని బిడ్డ వంతు కూడా. ఆ బిడ్డని ఎవరూ అడగలేదు.

2013 ఆహార భద్రతా చట్టం ఈ తిండిని హక్కు చేసింది. గర్భిణికి, కాన్పయ్యాక 6 నెలల వరకు తల్లికి, 6 నెలల నుంచి 6 ఏళ్ల దాకా పిల్లలకి. ఆ పైబడిన పిల్లాడికి బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు ఉంది. మరి తాతకి? కోటా బియ్యమే. చట్టం వదిలేసిన గిన్నెని కోడలు తన వంతులోంచి నింపుతోంది. (ఏజెన్సీ మండలాల తల్లులకి 2020 నుంచి సంపూర్ణ పోషణ ప్లస్ పేరుతో కొంత అదనం ఇచ్చారు. పల్లంలో ఉన్న మన తల్లికి అది లేదు. అదింకో గొడవ.)

కేంద్రంలోనే కూర్చుని తింటే ఈ చిక్కు ఉండదంటారు. అన్న అమృత హస్తం పద్ధతి అదే ఉండేది, రోజూ అక్కడే ఒక పూట భోజనం పెట్టేవారు. మంచిదే. కానీ నాట్ల రోజుల్లో తెల్లారకుండా చేలోకి పోయిన మనిషి మధ్యాహ్నం కేంద్రానికి ఎలా వస్తుంది? వస్తే కూలి పోతుంది, రాకపోతే కూడు పోతుంది. వండి పెట్టే వేళ కూలి వేళని బట్టి మారితేనే ఆ భోజనం ఆమెది.

అంతవరకు ఆ గుడ్లు ఆమే తినాలని నేనంటాను. అయితే ఆ మాట చెప్పాల్సింది ఆమెకి కాదు. "వాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు ముద్ద దిగుద్దా అయ్యా?" అందొక తల్లి. నేను మాట్లాడలేకపోయాను. ఆమె మొగుడు గడప మీదే కూర్చుని వింటున్నాడు. అతన్ని ఆరోజు నేనూ ఏమీ అడగలేదు.