మిలిటరీ హోటలు బల్ల

ఆకలి అందరికీ ఒకటేనని మన పెద్దలు అంటూ వుంటారు. ఈ మాటలో సగమే నిజం వున్నది. కడుపు మంట అందరికీ ఒకటే కావచ్చు గాని, ఆ మంటను ఎవరు ఎక్కడ కూర్చుని, ఎవరి సరసన, ఏ పదార్థంతో చల్లార్చుకుంటారన్నది ప్రకృతి నిర్ణయించే విషయం కాదు. సంఘం నిర్ణయించే విషయం. 1857-58లో రాసుకున్న నోటు పుస్తకాలలో మార్క్సు ఈ సంగతిని గుర్తించాడు. ఉత్పత్తి మనిషికి పదార్థాన్ని మాత్రమే కాదు, దాన్ని అనుభవించే పద్ధతిని కూడా తయారుచేసి ఇస్తుందని ఆయన వాదన. అందుచేత ఒక సంఘపు నీతిని తెలుసుకోవాలంటే దాని ధర్మశాస్త్రాల కంటే దాని భోజనశాలను పరిశీలించడం మేలు. నేనిక్కడ పరిశీలించదలచుకున్నది మా అనంతపురం సీమలోని మిలిటరీ హోటలును. అడగదలచుకున్న ప్రశ్న ఒకటే: డబ్బు ఇచ్చిన ప్రతివాడినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే హోటలు మనుషులను సమానులను చేస్తుందా?

మిలిటరీ హోటలంటే సైనికుల హోటలు కాదని ఈ ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మాంసం వడ్డించే హోటలని దాని అర్థం. మైసూరు, బెంగళూరుల వైపు బాగా వాడుకలో వున్న ఈ పేరు సరిహద్దుకు ఇవతల మా వూళ్ల బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. ఉద్యోగరీత్యా హిందూపురం, కదిరి, అనంతపురం, గుంతకల్లు తిరిగిన ఏళ్లలో నేను ఇటువంటి హోటళ్లలో లెక్కలేనన్ని సార్లు తిన్నాను. పాతకాలపువి ఇప్పుడు తగ్గిపోతున్నాయి గాని, మిగిలినవాటి రూపం పెద్దగా మారలేదు. నాపరాతి పలకల బల్లలు, వాటి ముందు పొడుగాటి బెంచీలు, పొగకు నల్లబడిన గోడ, గోడ మీద సుద్దముక్కతో రాసిన ధరలు. ఆకు మీద రాగిసంగటి ముద్ద పడుతుంది. ముద్ద నడుమ గుంట చేసుకుంటే అందులో పొట్టేలు మాంసం పులుసు పోస్తారు. లారీ డ్రైవరు, కోర్టు వాయిదాకు వచ్చిన రైతు, చెనిక్కాయల మండీ గుమాస్తా, బడిపంతులు, ఎవరైనా సరే, బెంచీ మీద ఎక్కడ ఖాళీ వుంటే అక్కడ కూర్చోవలసిందే. పక్కవాడి కులం అడిగే వ్యవధి ఎవరికీ వుండదు.

ఇది చిన్న విషయం కాదు. మన కులవ్యవస్థ రెండు కాళ్ల మీద నిలబడి వుంది. ఒకటి పెళ్లి, రెండవది పంక్తి. ఎవరితో కలిసి తినరాదో తెలిస్తే ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తెలిసిపోతుంది. హోటలనే సంస్థ కొత్తగా వచ్చినప్పుడు కులం దానిలోకి కూడా నడిచి వచ్చింది. బ్రాహ్మణ హోటలన్న బోర్డులు దక్షిణదేశంలో పలుచోట్ల వుండేవి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలకు, హోటళ్లకు, భోజనశాలలకు వెళ్లడానికి కులం అడ్డు కారాదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం దాన్ని పాటించడం శిక్షించదగిన నేరమన్నది. ఇన్ని జరిగిన తర్వాత కూడా 1957లో మద్రాసు ట్రిప్లికేనులోని మురళీ కఫే బోర్డు మీద నుంచి బ్రాహ్మణ అన్న మాటను తొలగించడానికి పెరియార్ రామస్వామి అనుచరులు నెలల తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది. చట్టం తలుపు తెరవగలదు గాని, బోర్డు మీది అక్షరం చెరగాలంటే మనుషులు వీధిలో నిలబడక తప్పలేదు.

ఆ రోజులు పోయాయనుకునేవారు 2023లో బొంబాయి ఐఐటీలో జరిగినదాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడి హాస్టలు మెస్సులో 6 బల్లలను శాకాహారులకే ప్రత్యేకించారు. దానికి నిరసన తెలిపిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా విధించారు. ఆ ఉత్తర్వులో కులం పేరు ఎత్తవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. బోర్డు మీది పాత మాట చేయవలసిన పనిని కొత్త మాట చేసి పెట్టింది.

ఈ నేపథ్యంలో చూస్తే మిలిటరీ హోటలు బెంచీ విలువ తెలుస్తుంది. అయితే ఆ బెంచీని వేసినది సంస్కర్త కాదు, డబ్బు. హోటలు యజమాని కులనిర్మూలన దీక్ష పట్టి మనలను పక్కపక్కన కూర్చోబెట్టలేదు. గల్లాపెట్టెలో పడే రూపాయికి కులం లేదు గనుక, ఖాళీ బెంచీ నష్టం గనుక కూర్చోబెట్టాడు. భూస్వామ్య సంఘపు పంక్తితో పోల్చితే ఇది నిస్సందేహంగా ముందడుగు. దీన్ని గుర్తించడానికి నిరాకరించేవాడు చరిత్ర గమనాన్ని అర్థం చేసుకోనివాడు. కాగా, ఆ ముందడుగు ఎక్కడ ఆగిపోయిందో చూడనివాడు కూడా అంతే.

మొదటి సంగతి. పట్నంలో బెంచీ మీద కులం అడగని పద్ధతే పల్లెలో మరో రూపం ధరిస్తుంది. ఒక రోడ్డు పక్క వూరిలో, లారీలవాళ్లను ఎటువంటి ప్రశ్నా లేకుండా లోపల కూర్చోబెట్టే హోటలువాడు, ఆ వూరి దళితులు వస్తే మాత్రం పొట్లం కట్టి బయటే అందించడం నేను చూశాను. డబ్బు ఇద్దరిదీ ఒకటే. లారీవాడి ముఖం అతనికి తెలియదు; వూరివాడి ముఖం తెలుసు. అంటే, మనం మెచ్చుకునే సమానత్వంలో కొంతభాగం ఒకరినొకరు ఎరగకపోవడం వల్ల వచ్చినదే తప్ప ఒకరినొకరు గౌరవించడం వల్ల వచ్చినది కాదు. తెలియనివాడి పక్కన కూర్చోవడం తేలిక. ఎవరో తెలిసి కూడా పక్కన కూర్చోవడమే అసలు పరీక్ష.

రెండవది, గోడ మీద రాసిన ధరల సంగతి. ఆ పట్టికలో చాప్సు వుంటాయి, తలకాయ వుంటుంది, బోటీ వుంటుంది, కాళ్ల పులుసు వుంటుంది. ఒకే పొట్టేలు శరీరం జేబులను బట్టి పంపకమవుతుంది. కాని ఈ సీమలో వేలాదిమంది బీదలు తినే పెద్దకూర పేరు ఆ గోడ మీద కనిపించదు. మిలిటరీ అన్న మాట శాకాహారపు ఆంక్షను ధిక్కరించింది గాని ఇక్కడికి వచ్చేసరికి దాని ధైర్యం చాలలేదు. పడమటి దేశాలలో సంగతి వేరు. లండనులో 1735లోనే గొడ్డు మాంసపు స్టేక్ పేరు పెట్టుకుని పెద్దమనుషుల క్లబ్బు ఒకటి వెలసింది. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957 నాటి తన వ్యాస సంపుటిలో, స్టేక్ అనే ఒక వంటకం బలానికి, జాతీయతకు చిహ్నంగా మారిన తీరును విప్పి చూపాడు. అక్కడ పాతకాలపు స్టేక్‌హౌసు గౌరవనీయమైన సంస్థ. మన మహానగరాలలో కూడా చల్లని గదులలో, కత్తీ ఫోర్కుల నడుమ, ఇంగ్లీషు పేరుతో స్టేక్ వడ్డిస్తారు. చాలాచోట్ల అది ఎనుము మాంసమే. అక్కడ తిన్నవాడిని ఎవరూ వెలివేయరు. అదే మాంసాన్ని వాడలో వండుకున్నవాడు మాత్రం వాసన కనపడకుండా తలుపు వేసుకోవలసి వస్తుంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును, దూడలను వధించడాన్ని నిషేధించింది. ఎద్దుల విషయంలో అధికారి ధ్రువపత్రం వుంటే అనుమతించింది. చట్టం అనుమతించినదాన్ని కూడా లోకం బహిరంగంగా తిననివ్వదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే ఘర్షణలు చెలరేగాయి. దీన్నిబట్టి తేలేదేమిటి? అంటు మాంసానిది కాదు, తినేవాడిది. వెల పెరిగితే అంటు కరిగిపోతుంది.

మూడవ సంగతి అన్నిటికంటే ముఖ్యమైనది. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది చూశాం. ఆ బల్ల మీదికి మాంసాన్ని పంపినవాడు ఎక్కడ వున్నాడు?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఆ వాన కూడా పదును దాటాక వస్తే వచ్చినట్టు కాదు. ఇటువంటి నేల మీద పైరు ఎండిపోయినా జీవాలు నాలుగు రోజులు నిలుస్తాయి. కురుబలు, గొల్లలు తరతరాలుగా గొర్రెలను సాకుతున్నది ఇందుకే. మేత తగ్గగానే మందలను తోలుకుని కాలువల కింది నేలలకు నెలల తరబడి వలసపోతారు. రాత్రిపూట రైతు పొలంలో మందను ఆపి, ఆ ఎరువుకు బదులు గింజలో డబ్బో తీసుకుంటారు. ఎండలో, వానలో, ఇంటికి దూరంగా సాగే ఆ శ్రమ అంతా మన ఆకు మీది ముక్కలో వున్నది.

వాన పూర్తిగా తప్పిన ఏడు ఏం జరుగుతుందో చూడండి. గడ్డి లేదు, నీళ్లు లేవు. మందను నిలుపుకోలేక కాపరులందరూ ఒకేసారి సంతకు తోలుతారు. అందరూ అమ్మేవాళ్లే అయినప్పుడు జీవం ధర పడిపోతుంది. అదే సమయంలో గింజల ధర పైకి పోతుంది. కాపరి మాంసాన్ని పెంచుతాడు గాని గింజ తిని బతుకుతాడు. ఎందుకంటే ఒక పొట్టేలును అమ్మిన డబ్బుతో ఇంటిల్లిపాదీ ఎక్కువ రోజులు గింజ తినవచ్చు. జీవానికీ గింజకూ మధ్య ఈ మారకం తలకిందులైతే, మంద కళ్లముందే వున్నా అతని ఇంట్లో కుండ ఖాళీ అవుతుంది. అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన కరువుల గ్రంథంలో ఇథియోపియా పశుపాలకుల విషయంలో చూపినది ఇదే. 1970ల కరువులో వాళ్లను పశువులు చావడం ఒక్కటే కాదు, బతికిన పశువుకు గింజలు రాకపోవడం కూడా దెబ్బతీసింది. కరువు ముదిరినప్పుడు దళారికి మాంసం చౌక అవుతుంది. హోటలు గోడ మీది సుద్దముక్క ధర తగ్గడం మాత్రం నేనెన్నడూ చూడలేదు.

సంత రోజున హోటలు ముందు వేపచెట్టు కింద కాపరులు సద్దిమూట విప్పుకుని, సంగటిలో ఊరుబిండి నంజుకుంటూ వుంటారు. లోపల వుడికేది వాళ్లు అమ్మినదే. ఒకసారి ఒక ముసలాయనను, “లోపలికి రాకూడదా తాతా?” అని అడిగాను. “ఒక పూట కూటికి అంత పెట్టేకి మేమేమన్నా దళారులమా సారూ?” అన్నాడు. అతన్ని ఎవరూ అడ్డుకోలేదు. రాజ్యాంగపు 15వ అధికరణం అతనికి కూడా తలుపు తెరిచే వుంచింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది అహింసావాదులది. జీవాన్ని చంపడమే తప్పయినప్పుడు దాని పంపకంలో న్యాయమేమిటని వారు అడుగుతారు. జంతువు బాధ నిజమైనదే. దాన్ని ఎగతాళి చేయడం అభ్యుదయం కాదు. కాని ఏటేటా పప్పుధాన్యం పండుతుందన్న నమ్మకం లేని నేల మీద, మంద తప్ప మరో ఆసరా లేనివాడికి ఈ నీతిని బోధించేవారు అతని కుండకు కూడా పూచీ పడాలి. పైగా, ఈ దేశంలో శాకాహార నీతి జంతువు బాధను కొలిచిన సందర్భాల కంటే తినేవాడి పుట్టుకను కొలిచిన సందర్భాలే ఎక్కువ. బొంబాయి బల్లలు ఏ గొర్రెనూ బతికించలేదు.

రెండవ ఆక్షేపణ మన వాళ్లదే. కరువు సీమలో కూర్చుని మాంసం రుచిని గురించి చర్చించడం విలాసం కాదా అంటారు. బీదవాడికి కావలసింది గంజి, దాన్ని గురించి రాయండి అంటారు. ఈ వాదం దయతో చేసినదే గాని ప్రమాదకరమైనది. 1876-78 ధాత కరువు నాటికి ఈ తాలూకాలలో చాలావరకు బళ్లారి జిల్లాలో వుండేవి. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుమార్గం 1871 నాటికే గుత్తి మీదుగా సాగింది. రైలు వున్నది, మార్కెట్టు వున్నది. కొనే శక్తి మాత్రం జనానికి లేదు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువుపనిలోని మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. అది పనిచేసే మనిషిని నిలపదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. ఇతరుల కడుపుకు కనీసం ఎంత చాలునో లెక్క కట్టేవాడు ఎన్నడూ ఆ లెక్క ప్రకారం తినడు. బీదవాడికి గంజి చాలునన్న మాట ఎవరి నోట వచ్చినా దాని వెనుక టెంపుల్ తక్కెడ వుంటుంది. రుచి కూడా హక్కే. శ్రమజీవికి బతికే హక్కు వున్నదని ఒప్పుకుని, సంతోషంగా తినే హక్కు లేదనడం అతన్ని పని చేసే పశువుగా చూడడమే.

కనుక మిలిటరీ హోటలును పాపపు కొంప అనడమూ సరికాదు, అది సమసమాజానికి నమూనా అనడమూ సరికాదు. డబ్బు వేసిన బెంచీ మీద మనుషులు పక్కపక్కన కూర్చోవడం నేర్చుకున్నారు. ఆ బెంచీని పొడిగించే పని డబ్బు చేయదు. కరువు ఏడాదిలో పశుగ్రాసం సకాలంలో ఊళ్లకు చేరడం, జీవాలను అయినకాడికి తెగనమ్ముకోకుండా కాపరులు కలిసికట్టుగా అమ్ముకోగలగడం, మేత భూములు అన్యాక్రాంతం కాకుండా వుండడం, ఇవి వంటింటి విషయాలు కావని మనం అనుకుంటాం. నా దృష్టిలో ఇవే భోజనశాల నీతికి పునాదులు.

విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ హాస్టలు మెస్సు నుంచే ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు. ఏ బల్ల ఎవరికి ప్రత్యేకించారు, ఏ కూర పేరు పలకడానికి సందేహిస్తున్నారు, వండినవారు ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తింటున్నారు అని చూస్తే, సమానత్వాన్ని గురించి మన ఉపన్యాసాలు ఎంతవరకు వచ్చాయో తెలుస్తుంది. సంతలో పొట్టేలును అమ్మిన కాపరి అదే పూట ఆ బెంచీ మీద కూర్చుని, మాంసంతో కడుపునిండా సంగటి తిని, ఇంటికి కావలసిన గింజలు కొనుక్కుని పోగలిగిననాడు ఆ బల్ల మీది సమానత్వాన్ని గురించి మనం ధైర్యంగా మాట్లాడవచ్చు.